ముందు హాలు చూడండి, తర్వాత పాట

(ఒక ఇంజినీరింగ్ కాలేజీ మ్యూజిక్ క్లబ్‌లో ఒక బేస్ గిటారిస్టు మాట్లాడిన మాటలకు అక్షరరూపం. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కత్తిరించాం.)

వెనక వినబడుతోందా? ఆ ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. సరే, వినబడుతోంది.

నేను పెద్ద మ్యుజీషియన్ని కాదు, వినయం కోసం అంటున్న మాట కాదిది. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు బేస్ గిటారు. రిసెప్షన్లలో వాయించాను, కాలేజీ ఫెస్టుల్లో వాయించాను, ఒకసారి అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్ల ఉగాది ఫంక్షన్‌లో లిఫ్టు పక్కన నిలబడి వాయించాను. మీ క్లబ్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, పాటలు ఎలా సెలెక్ట్ చేసుకోవాలో ఒక అరగంట, ప్రోగ్రాం ఎలా పట్టాలో ఒక అరగంట చెప్పండి" అన్నాడు. అతను రెండు టాపిక్‌లు అనుకున్నాడు. నాకు తెలిసి అవి రెండు కావు, ఒకటే. అది తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, ఒక వినాయక చవితి పాడయింది.

ఆ వినాయక చవితి సంగతే ముందు చెప్తాను. సెకండియర్‌లో ఉన్నాం. కాకినాడలో మా డ్రమ్మర్ వాళ్ల వీధిలో మండపం. కమిటీలో వాళ్ల మావయ్య ఉన్నాడు కాబట్టి ఐదో రోజు సాయంత్రం మాకు గంట ఇచ్చారు. మేం నెలన్నర ప్రాక్టీసు చేశాం. ఏం ప్రాక్టీసు చేశాం? ఇంగ్లిష్ రాక్ పాటలు ఎనిమిది, అందులో మూడు మా గిటారిస్టు సోలో చూపించుకోవడానికే. స్టేజీ ఎక్కాం. ముందు వరసలో ఎవరున్నారు? పట్టుచీరల్లో అమ్మమ్మలు, ఒళ్లో పిల్లలు, ప్రసాదం గిన్నెలు. మొదటి పాట డిస్టార్షన్‌తో, అంటే గిటారు గరగరలాడేలా, మొదలెట్టగానే ఒక పసిపిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు, వాళ్లమ్మ లేచి వెళ్లిపోయింది. రెండో పాటకి సగం కుర్చీలు ఖాళీ. మూడో పాట మధ్యలో కమిటీ ప్రెసిడెంటు గారు స్టేజీ ఎక్కి, మా సింగర్ చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, "బాబూ, బాగా వాయిస్తున్నారు, దేవుడి పాట ఒక్కటి పాడండమ్మా" అన్నారు. (నవ్వులు) మాకు ఒక్కటీ రాదు. నెలన్నర ప్రాక్టీసు చేసిన బ్యాండు, ఎదురుగా పన్నెండడుగుల వినాయకుడు, మాకు ఒక్క వినాయకుడి పాట రాదు.

చివరికి మా డ్రమ్మర్ ఎవరినీ అడక్కుండా తీన్మార్ కొట్టడం మొదలెట్టాడు. పిల్లలు వచ్చి ఎగిరారు. ఆ పది నిమిషాలే ఆ రోజు మా ప్రోగ్రాం. కవర్లో 1,500 రూపాయలు, ఐదు పులిహోర పొట్లాలు ఇచ్చారు. ఇంటికొచ్చి మా పెదనాన్నకి చెప్పాను. ఆయన కుర్రతనంలో ఆర్కెస్ట్రాలో అకార్డియన్ వాయించేవారు, సినీ సంగీత విభావరులు, మ్యూజికల్ నైట్‌లు, జాతరలకి లారీ మీద స్టేజీ కట్టిన రోజులు అన్నీ చూసిన మనిషి. ఆయన నన్ను ఓదార్చలేదు. "ఒరేయ్, ముందు హాలు చూడాలి, తర్వాత పాట చూడాలి. మీరు ఇంట్లో కూర్చుని పాటలు చూసుకుని, వాటికి సరిపోయే జనం కోసం వీధిలోకి వచ్చారు. జనం మీ కోసం మారతారట్రా?" అన్నారు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మాటకి సాగదీతే.

ఇప్పుడు మీ పరిస్థితి చూద్దాం. కాలేజీ బ్యాండ్‌కి మన ఊళ్లలో నిజంగా దొరికే చోట్లు ఎన్ని? వినాయక మండపాలు, దసరా పందిళ్లు. కాలేజీ ఫెస్టులు, మీదీ పక్కవాళ్లదీ. తెలిసినవాళ్ల సంగీత్, రిసెప్షన్. హైదరాబాద్ లాంటి చోట కెఫేలు, ఓపెన్ మైక్‌లు. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది, కొత్తవాళ్లు భయం పోగొట్టుకోవడానికి అలాంటి చోటు మంచిది. పబ్బుల సంగతి తర్వాతకి పెట్టండి. తెలంగాణలో అయినా ఆంధ్రలో అయినా మద్యానికి వయసు 21, మీలో సగం మందిని గేటు దగ్గరే ఐడీ అడుగుతారు, పైగా అక్కడ రెండు మూడు సెట్‌లు వాయించాలి, అంటే పాతిక పాటలు చేతిలో ఉండాలి. మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? ఆరు? ఆరులో పూర్తిగా చివరిదాకా వచ్చేవి? (నవ్వులు) అదీ. రవీంద్రభారతి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, వైజాగ్ కళాభారతి లాంటి ఆడిటోరియంలు కల కనడానికి బాగుంటాయి. కానీ అక్కడ హాలు అద్దె కట్టుకుని, జనాన్ని కూడా మనమే పోగుచేసుకోవాలి. మొదటి ఏడాది ఆ జోలికి వెళ్లకండి.

ఒక్కో చోటు ఒక్కో రకం పాట అడుగుతుంది, అది మనకి ఇష్టమా కాదా అన్నది వేరే సంగతి. మండపంలో జనం వస్తూ పోతూ ఉంటారు, ఎవరూ మీ కోసం రాలేదు. అక్కడ పాట మొదలైన పది సెకన్లలో గుర్తుపట్టాలి. నిమిషంన్నర ప్రిల్యూడ్ ఉన్న మెలొడీ ఎంత గొప్పదైనా అక్కడ చచ్చిపోతుంది. రిసెప్షన్‌లో వ్యవహారం దానికి తలకిందులు. జనం భోజనం చేస్తుంటారు, ఇరవై ఏళ్ల తర్వాత కలిసిన చుట్టాలు మాట్లాడుకుంటుంటారు, వాళ్ల మాట వాళ్లకి వినబడాలి. అక్కడ డ్రమ్ కిట్ అసలు దించకండి. మైకు లేకుండానే దగ్గర్లో డ్రమ్స్ 100 డెసిబెల్స్ దాటేస్తాయి, పెళ్లికూతురి నాన్న వచ్చి "కొంచెం తగ్గించండి" అంటే స్నేర్ డ్రమ్‌కి వాల్యూమ్ బటన్ ఉండదు కదా. ఒక కహోన్, అంటే మీద కూర్చుని చేత్తో వాయించే పెట్టె, ఒక అకౌస్టిక్ గిటారు, కీబోర్డు, గొంతు, చాలు. ఎనభైల, తొంభైల మెలొడీలు అక్కడ బంగారం, ఎందుకంటే కవర్ చేతికిచ్చే వయసు వాళ్లు ఆ పాటలతోనే పెరిగారు. ఫెస్టులో మళ్లీ లెక్క మారుతుంది. మీ వయసు వాళ్లే ఎదురుగా ఉంటారు, ప్రతి పాట లిరిక్ వాళ్లకి కంఠతా వచ్చు, వాళ్లకి కావలసింది మీతో కలిసి అరవడం. హుక్ లైన్ ఉన్న పాట కావాలి, మధ్యలో మైకు వాళ్ల వైపు తిప్పగలిగే పాట. ఫెస్టులో బ్యాండ్ పోటీ ఉంటే మాత్రం ఎదురుగా జడ్జీలు కూర్చుంటారు, వాళ్లు వినేది వేరు. ఎన్‌ఐటీ వరంగల్ స్ప్రింగ్ స్ప్రీ లాంటి వాటికి వెళ్లేటప్పుడు రూల్స్ షీటు చదవండి, టైము స్టేజీ సెటప్‌తో కలిపా, విడిగానా అన్న ఒక్క లైను మీ మొత్తం లిస్టుని మార్చేస్తుంది. మేం ఒకసారి చదవలేదు. ఇరవై నిమిషాలు అనుకుని వెళ్తే, జాక్‌లు గుచ్చుకునేసరికి తొమ్మిది మిగిలాయి. మా బెస్ట్ పాట లిస్టులో ఆఖరుది.

అందుకే బెస్ట్ పాట ఎప్పుడూ రెండోది. మొదటి పాటలో సౌండ్ సెట్ అవుతుంది. మానిటర్, అంటే మన వాయింపు మనకి వినిపించే స్పీకరు, వినబడదు, కీబోర్డు తక్కువుంటుంది, సింగర్ కాళ్లు వణుకుతుంటాయి. అందరికీ అలవాటైన, ఎంత చెడగొట్టినా చెడని పాట మొదట పెట్టుకోండి.

సరే, చోటు తెలిసింది. ఇప్పుడు పాట. ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ బ్యాండ్లు దెబ్బతినేది ఇక్కడే.

పాట వినగానే "ఇది చేద్దాంరా" అనుకుంటాం. అనుకునేది పల్లవి విని. పల్లవి అందరూ పాడతారు, బాత్రూంలో కూడా. సింగర్ ప్రాణం తీసేది చరణం చివర్లో, మళ్లీ పల్లవికి ఎక్కే ముందు ఉండే ఆ పైలైను. కొత్త పాట తీసుకుంటే ముందు ఆ ఒక్క లైను పాడించండి. ఒకసారి కాదు, నాలుగు పాటలు పాడి గొంతు అలిసిన తర్వాత పాడించండి. అప్పుడు నిలబడితే ఆ స్కేలు ఉంచండి. లేదంటే దించండి. ఇక్కడ మన వాళ్లకి ఒక పిచ్చి పౌరుషం ఉంది, ఒరిజినల్ స్కేల్లోనే పాడాలని. ఎవరికి చూపించడానికి? ఎదురుగా ఉన్న ఐదు వందల మందిలో స్కేలు అర మెట్టు దిగిందని కనిపెట్టేవాడు ఒక్కడుంటే గొప్ప, వాడూ మ్యుజీషియనే అయ్యుంటాడు, వాడు మిమ్మల్ని అర్థం చేసుకుంటాడు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, గిటారు మెడకి బిగించి స్కేలు మార్చుకునే కాపో ఉంది, అవి సిగ్గుపడే వస్తువులు కావు. ట్రాన్స్‌పోజ్ నొక్కితే తర్వాతి పాటకి తీసెయ్యడం మర్చిపోకండి, అంతే. ఒకసారి మర్చిపోయాం. రెండు వేర్వేరు స్కేళ్లలో ఒకే పాట ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లు విన్నారు.

డ్యూయెట్లు ఇంకో తలనొప్పి. కచేరీ వాళ్ల లెక్కలో చెప్తే మామూలుగా మగ గొంతు ఒకటి నుంచి రెండు శృతి, అంటే సి నుంచి డి. ఆడ గొంతు ఐదు, ఐదున్నర, అంటే జి, జి షార్ప్. సినిమా డ్యూయెట్లో ఇద్దరికీ ఒకే శృతి, కాబట్టి ఎవరో ఒకరు కష్టపడతారు. రికార్డింగ్‌లో లైను లైనుకి ఆపి పాడొచ్చు, స్టేజీ మీద అది కుదరదు. మీ ఇద్దరు సింగర్లనీ కూర్చోబెట్టి ఇద్దరికీ సగం సగం ఇబ్బందిగా ఉండే చోటు వెతకండి. దొరక్కపోతే డ్యూయెట్ వదిలెయ్యండి, లేదా ఒకళ్లే మొత్తం పాడితే ఎలా ఉంటుందో చూడండి. కొన్ని డ్యూయెట్లు సోలోగా ఇంకా బాగుంటాయి. ఇది నేను ఎక్కడా చదవలేదు, మా సింగర్‌కి జ్వరం వచ్చిన రోజు తెలిసింది.

తర్వాత బిట్లు. మన సినిమా పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్టు ఉంటుంది చూశారూ, పాత పాటల్లో అది ముప్పై వయొలిన్లు వాయించినది. మీరు ఐదుగురు. కీబోర్డులో స్ట్రింగ్స్ టోన్ పెట్టి యథాతథంగా దింపాలని చూస్తే సగం దూరంలో పట్టు తప్పుతుంది. బిట్టులో జనం గుర్తుపెట్టుకునేది ఒకటో రెండో గీతలు, ఆ గీతలు పట్టుకోండి, మిగతాది మీ పద్ధతిలో నింపండి. ఇప్పటి పాటలకి వేరే సమస్య. పాటంటే పాట కాదు, కంప్యూటర్లో వంద ట్రాకుల పొర. ఆ బీటు, ఆ బేస్ డ్రాప్ తీసేస్తే లోపల ట్యూన్ ఏముందో ఒకసారి చూడండి. నా పరీక్ష సింపుల్: ఒక గిటారు, ఒక గొంతు, హాస్టల్ మెట్ల మీద కూర్చుని పాడండి. దారిన పోయేవాడు ఆగాడా? ఆ పాట తీసుకోండి. ఆగకపోతే ఆ పాట గొప్పతనం పాటలో లేదు, స్టూడియోలో ఉంది. దాన్ని డీజేకి వదిలెయ్యండి.

ఎన్ని పాటలు? పాట నాలుగున్నర నిమిషాలు అనుకోండి. చప్పట్లు, ట్యూనింగు, సింగర్ చెప్పే రెండు ముక్కలు కలిపి ఇంకో నిమిషం. 45 నిమిషాల స్లాటుకి ఎనిమిది పాటలు. పది పెట్టుకుంటే చివరి రెండూ పరుగెత్తి పాడతారు. ఎనిమిది పెట్టుకుని, ఇంకో రెండు జేబులో ఉంచుకోండి, అవి కూడా నోటికి వచ్చినవై ఉండాలి. ముందుగానే ఏవి కొట్టెయ్యాలో కూడా రాసుకోండి, ఎందుకంటే మన దగ్గర ముఖ్య అతిథి గారు ఎప్పుడూ లేటు, ఆయన ప్రసంగం ఎప్పుడూ ఎక్కువ, కోత పడేది ఎప్పుడూ బ్యాండు టైముకే. స్టేజీ మీద గుసగుసలాడుకుని పాటలు కొట్టేసే బ్యాండుని చూస్తే జనానికి నమ్మకం పోతుంది. ఇంకోటి, గిటారు ట్యూనింగ్ మార్చాల్సిన పాటలు రెండు పక్కపక్కన పెట్టుకోండి, మధ్యలో నాలుగు సార్లు పెగ్గులు తిప్పుతూ నిలబడకండి.

ఇంక బ్యాండులో గొడవలు. ఉంటాయి. నవ్వుతున్నారంటే ఇప్పటికే మొదలయ్యాయన్నమాట. మా పద్ధతి చెప్తాను, పనికొస్తే వాడుకోండి. ప్రతివాడికీ ఒక బలవంతపు పాట, ఒక వీటో. అంటే ఒక పాట ఎవరికీ నచ్చకపోయినా నీ మాట మీద చేస్తాం, ఇంకో పాట అందరికీ నచ్చినా నువ్వొద్దంటే మానేస్తాం. రెండూ ఏడాదికి ఒకసారే. ఇది పెట్టాక విచిత్రంగా ఎవడూ వీటో వాడడం లేదు, అందరూ దాచుకుంటున్నారు. మా గిటారిస్టు 2016 నుంచి దాచుకున్నట్టే ఉన్నాడు.

సరే, ప్రోగ్రాం పట్టడం.

మీరనుకుంటారు, ఆర్గనైజరు టాలెంట్ కోసం వెతుకుతాడని. కాదు. అతనికి ఆ రోజు నలభై పనులుంటాయి. క్యాటరింగ్, పోలీస్ పర్మిషన్, జనరేటరు, గెస్టుల బొకేలు. అతనికి కావలసింది తనకి టెన్షన్ పెట్టని మనుషులు. టైముకి వస్తారా, వాళ్ల సామాను వాళ్లకి తెలుసా, ఎవరికీ ఇబ్బందయ్యే పాట పాడరు కదా. దీనికి జవాబు మీరు పంపే మెసేజ్‌లోనే ఉండాలి. "హాయ్ సర్ వుయ్ ఆర్ ఎ ప్యాషనేట్ బ్యాండ్" అని మొదలెట్టకండి, ఆ ముక్క అతను నెలకి ఇరవై సార్లు చదువుతాడు. ఎంతమంది, ఎంతసేపు వాయించగలరు, అతని ప్రోగ్రాంకి సరిపోయే పాటల లిస్టు ఆరో ఏడో, స్టేజీ మీద ఏమేం కావాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఒక్క నంబరే ఇవ్వండి, ఐదుగురివి కాదు. ఇక్కడే చూశారా, మళ్లీ పాటల దగ్గరికే వచ్చాం. మండపం వాళ్లకి పంపే మెసేజ్‌లో మొదటి పాట వినాయకుడిదైతే అతను మిగతాది చదవక్కర్లేదు, అర్థమైపోతుంది వీళ్లు తెలిసినవాళ్లని. ఆ లిస్టే మీ అప్లికేషను.

వీడియో కావాలి. స్టూడియోలో రికార్డు చేసి, పెదాలు కలిపి, డ్రోన్ షాట్లు వేసినది కాదు. అది చూసి ఎవడూ నమ్మడు. మామూలు రూములో, ఒకే టేకులో, ఫోన్‌తో తీసినది, నిమిషంన్నర. ఫోన్ డ్రమ్స్ పక్కన పెట్టకండి, సౌండు చిట్లిపోయి గరగర వస్తుంది, నాలుగు మీటర్ల దూరంలో సింగర్‌కి ఎదురుగా పెట్టండి. ఆర్గనైజరు దాన్ని వాట్సాప్‌లో, ట్రాఫిక్‌లో, ఫోన్ స్పీకర్లో వింటాడు. మొదటి ఐదు సెకన్లలో గొంతు రావాలి. ఫోన్ స్పీకర్లో నా బేస్ గిటారు ఎలాగూ వినబడదు, ఆ బాధ నాది.

ఇప్పుడు ఎవరూ చెప్పని మాట ఒకటి. మీకు ప్రోగ్రాంలు తెచ్చేది ఈవెంట్ మేనేజర్లు కాదు, ఇన్‌స్టాగ్రామ్ కాదు, సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే అన్న. ప్రతి పెళ్లికీ, ప్రతి పందిరికీ, ప్రతి ఫెస్టుకీ వెళ్లేది ఆయనే. "అన్నా, ఎవరైనా మంచి పిల్లలు ఉంటే చెప్పు" అని కమిటీ వాళ్లు అడిగేది ఆయన్నే. మాకు మొదటి రెండేళ్లలో వచ్చిన ప్రోగ్రాంలలో సగానికి పైగా ఒకే సౌండ్ అన్న చెప్పినవి. ఎందుకు చెప్పాడంటే మేం గొప్పగా వాయించామని కాదు, ఆయన కేబుళ్లు మేం చుట్టి పెట్టేవాళ్లం, మానిటర్ వినబడకపోతే మైకులో ఆయన మీద అరిచేవాళ్లం కాదు. వెళ్లే ముందు రోజే ఆయనకి ఒక కాగితం పంపండి: ఎన్ని మైకులు, గిటారు, కీబోర్డు మిక్సరుకి కలిపే డీఐ బాక్సులు ఎన్ని, ఎవరు ఎక్కడ నిలబడతారు, ప్లగ్ పాయింట్లు ఎక్కడ కావాలి. పెన్నుతో గీసి ఫొటో తీసినా చాలు. జనరేటర్ మీద నడిచే స్టేజీలో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే గిటార్లలో "జుంయ్" అని హమ్మింగ్ వస్తుంది, ఒక్కోసారి మైకుకి పెదవి తగిలితే షాక్ కూడా కొడుతుంది. ఇది జోక్ కాదు. అలాంటప్పుడు వాయించకండి, ఆయన్ని పిలవండి, సరిచేసేదాకా ఆగండి.

డబ్బుల విషయం. మొదటి రెండు మూడు ఫ్రీగా చేస్తారు, సరే. తర్వాత ఖర్చులైనా అడగండి. ట్రాలీ ఆటో, రిహార్సల్ రూము, తీగలు, ఇవన్నీ కాగితం మీద కూడి ఒక నంబరు చెప్పండి. సగం అడ్వాన్సు. మాకు ఒక ఊళ్లో, పేరెందుకు, ప్రోగ్రాం అయిపోయాక "రేపు ఫోన్‌పే చేస్తాం" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. నోటిమాట జరిగిపోయాక ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి, "మాట్లాడుకున్నట్టే తేదీ ఇది, టైము ఇది, మొత్తం ఇది, అడ్వాన్సు ఇంత" అని, వాళ్లు "ఓకే" అంటే చాలు. సిగ్గుపడకండి, వాళ్లు షామియానా వాడికి అడ్వాన్సు ఇచ్చే ఉంటారు.

చట్టం గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే మీ వాళ్లే చెప్పమన్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలించొచ్చు. కాబట్టి మీ స్లాటు తొమ్మిదిన్నరకి అంటే మీకు అరగంటే ఉందని లెక్కేసుకోండి, మంచి పాటలు వెనక దాచుకోకండి. పాటల హక్కుల విషయం: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మీకు పనికొచ్చే మినహాయింపులు ఉన్నాయి. కాలేజీ కార్యక్రమంలో, స్టాఫు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు వాయిస్తే ఇబ్బంది లేదు. అమెచ్యూర్ క్లబ్బు టికెట్ లేకుండా వాయించినా, పెళ్లిలో, పెళ్లి వేడుకల్లో వాయించినా అంతే. టికెట్ పెట్టిన షో అయితే ఐపీఆర్‌ఎస్, అంటే పాటల హక్కులు చూసే సొసైటీ, లైసెన్సు కావాలి, అది మామూలుగా ఆర్గనైజరు పని, కానీ తీసుకున్నారా అని ముందే అడగండి. యూట్యూబ్‌లో కవర్ పెట్టడం మాత్రం వేరే లెక్క, ఈ మినహాయింపులు దానికి వర్తిస్తాయనుకోకండి. అన్నమయ్య కీర్తన అయితే ఫ్రీ కదా అంటారు కొందరు. సాహిత్యం 15వ శతాబ్దానిది, నిజమే. కానీ మనం వింటున్న బాణీ ఈ మధ్య ఎవరో కట్టినదైతే, వాళ్లు పోయిన 60 ఏళ్ల దాకా దాని మీద హక్కు ఉంటుంది. మీరే కొత్త బాణీ కట్టండి, గొడవే లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ, చెప్పు తమ్ముడూ.

(ఒక విద్యార్థి: సొంత పాట ఎప్పుడు పాడాలన్నా? మా దగ్గర రెండున్నాయి.)

మంచిదే. ఒకటి పాడండి, మూడో పాటగా. పాడే ముందు "ఇది మా ఓన్ కంపోజిషన్" అని మాత్రం చెప్పకండి. ఆ మాట వినగానే జనం ఫోన్లు తీస్తారు, వీడియోకి కాదు, మెసేజ్‌లు చూసుకోవడానికి. పాడండి. చప్పట్లు పడ్డాక చెప్పండి ఇది మాదే అని. పడకపోతే చెప్పక్కర్లేదు. (నవ్వులు) నేను నిజంగానే అంటున్నా, ఇప్పటికి మూడు పాటలు మావని ఎవరికీ తెలియదు.

(ఒక విద్యార్థిని: ఇప్పుడంతా కరోకే పెట్టుకుని పాడేస్తున్నారు కదా, బ్యాండుని ఎందుకు పిలుస్తారు?)

నిజం, విభావరులకి కూడా చాలాచోట్ల ట్రాకు మీదే పాడుతున్నారు, చవక కాబట్టి. దాంతో మీరు రేటులో పోటీ పడలేరు. కానీ ట్రాకు ఆగదమ్మా. స్టేజీ ముందు పిల్లలు ఎగురుతుంటే ఆ చివరి పల్లవి ఇంకో మూడు సార్లు తిప్పలేదు. పెళ్లికొడుకు మైకు లాక్కుని తప్పు స్కేల్లో పాడితే అతని స్కేలుకి దిగలేదు. మీరు దిగగలరు. అది ప్రాక్టీసు చెయ్యండి, డ్రమ్మర్ చెయ్యెత్తితే అందరూ పల్లవికి వెళ్లడం, రెండు వేళ్లు చూపిస్తే ఆపేయడం. ఎక్కువ బ్యాండ్లు పాటలు ప్రాక్టీసు చేస్తాయి, ఈ సైగలు చెయ్యవు.

ఇంకోటి? వెనకాల, పసుపు చొక్కా.

(ఒక విద్యార్థి: అన్నా, వచ్చే నెల హాస్టల్ డేకి మాకు పదిహేను నిమిషాలే ఇచ్చారు. ఏం పాడమంటారు?)

పదిహేనా? సెటప్‌తో కలిపా, విడిగానా? చూశారా, తెలియదు. ఇవాళే వెళ్లి అడుగు. కలిపి అనుకుందాం. మీ ముందు ఏముంది? డాన్సు ప్రోగ్రామా? అయితే స్టేజీ ఖాళీ ఉండదు, డ్రమ్స్ ముందే ఎక్కించి మూలకి, గుడ్డ కప్పి ఉంచమని అడగండి. జాక్‌లు గుచ్చుకోవడానికి మూడు నిమిషాలు పోతే పన్నెండు. అంటే రెండు పాటలు, పాటల ముక్కలు కలిపిన ఒక చిన్న మెడ్లీ. మూడు పాటలు కాదు. వినేది ఎవరు? హాస్టల్ పిల్లలు, వార్డెన్ గారు, మెస్ వాళ్లు. మెస్ వాళ్లని మర్చిపోకండి, మీ హాస్టల్లో ఏడాదంతా రేడియో పెట్టుకుని వింటున్నది వాళ్లే, వాళ్ల పాట ఒకటి ఆ మెడ్లీలో పడితే హాలు మొత్తం లేస్తుంది. మొదటిది మీకు బాగా చేతికొచ్చింది. రెండోది మీ బెస్టు. చివర మెడ్లీ, సిక్స్ ఎయిట్ నడకలో, అంటే ఆరు దెబ్బల లెక్కలో, మొదలెట్టి తీన్మార్‌లోకి దింపండి. మధ్యలో ఆపకుండా మారాలి, అక్కడే తేడా కొడుతుంది. డ్రమ్మర్ ఎవరు మీలో? నువ్వా? ఇలా పైకి రా. కర్రలు అక్కర్లేదు, ఈ బల్ల మీద చేత్తో కొట్టు. సిక్స్ ఎయిట్ నాలుగు సార్లు తిప్పు, నేను చెయ్యెత్తగానే మారు. రెడీయా? వన్, టూ...